వెంకటాచలం చుట్టరికం

కిందటి నెల ఓ మధ్యాహ్నం భాగ్య మా ఇంటికి వచ్చింది. భాగ్య మా పేటకి మితానిన్. కడుపుతో ఉన్నవాళ్లని ఆస్పత్రికి తీసుకుపోవడం, పసిపిల్లలకి సూదులు వేయించడం, జ్వరమొస్తే గోళీలివ్వడం ఆమె పని. నేను బీపీ మందు సరిగ్గా మింగుతున్నానో లేదో కూడా వచ్చి చూసి పోతుంటుంది. ఎప్పుడొచ్చినా ముందు వంటింట్లోకి పోయి నీళ్లు తాగి, నా మంచం పట్టె మీద కూర్చుని, ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. ఆ రోజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి ఆకుపచ్చ మూత ఉన్న డబ్బా ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది.

"అమ్మమ్మా, ఇది పొద్దున పాలల్ల కలుపుకుని తాగితే మోకాళ్ల నొప్పులు పోతయి. ఊరికె కొనుడు కాదు, మీరు మెంబర్ అయితరు. మీ కింద నలుగురిని జోడిస్తే చాలు. వాళ్లు మళ్ల నలుగురిని జోడిస్తరు. ఇగ మీరు కూసున్న కాడికే పైసలు వస్తయి."

ఇది నీకెవరు చెప్పారే అని అడిగాను. తోంగ్‌పాల్‌లో మీటింగ్ పెట్టారట. రాయ్‌పూర్ నుంచి పెద్ద సార్ వచ్చాడట. ఆవపల్లి దిక్కు నుంచి కూడా మితానిన్లని జీపుల్లో తెచ్చారట. సార్ వాళ్లందరినీ ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెట్టి, పూలదండలు వేయించాడట. అది చెప్తుంటే భాగ్య మొహం వెలిగిపోతోంది. ఎండలో వానలో ఊళ్లు తిరిగే ఆ పిల్లకి అంతకుముందు ఎవరూ దండ వేసి ఉండరు.

"మిమ్మల్నే ఎందుకు పిలిచాడు?" అన్నాను.

"మేమైతే ఏ ఇంటికి పోయినా తలుపు తీస్తరట అమ్మమ్మా. సారే చెప్పిండు."

ఆ మాటతో నాకు ఒళ్లు తెలియలేదు. డబ్బా తీసి వాకిట్లోకి విసిరికొట్టాను. మూత ఊడి పొడి అంతా బండల మీద పడింది. కోడలు పరుగెత్తుకొచ్చింది. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాను. భాగ్య ఏడుస్తూ, పొడిని చేత్తో ఎత్తి డబ్బాలో పోసుకుని వెళ్లిపోయింది. ఈ వయసులో ఇంత కోపమేమిటని కోడలు సాయంత్రం దాకా గొణిగింది. నా కోపం ఆ పిల్ల మీద కాదని ఆమెకి ఎలా చెప్పను? అది నా చిన్నతనం నాటి కోపం. ఆ మనిషి మొహం ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది.

అవి బస్తర్ రాజ్యం రోజులు. జగదల్‌పూర్‌లో రాజుగారున్నారని వినడమే కానీ మా శబరి ఒడ్డు పల్లెలకి రాజ్యమంటే అడవి కాపలా కాసే జంగ్లాతు జవాను, కచేరీ బంట్రోతు, అంతే. మా ఊరు కోంటకీ భేజ్జికీ నడుమ. నాలుగైదు తెలుగు ఇళ్లు, మిగతావన్నీ దోర్ల తెగవాళ్ల ఇళ్లు. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లీ, అంగట్లో హల్బీ, బంట్రోతు కనిపిస్తే హిందీ. మాకు అవి వేరు వేరు భాషలని పెద్దయ్యాకే తెలిసింది. బాపుకి కొంచెం పొలం ఉండేది. అమ్మ మంత్రసాని. ఆమె పేరు నర్సమ్మ. దోర్ల వాళ్లకీ మాకూ ఆమే. వాగులు దాటి, అడవి దారిన నడిచి, ఎక్కడ కాన్పు అంటే అక్కడికి పోయేది.

అమ్మ పొద్దున లేవగానే చేసే మొదటి పని చేతులు తోముకోవడం. బూడిద, కుంకుడుకాయ నురగ, వేడినీళ్లు. గోళ్ల సందుల్లో వెదురు పుల్లతో గీకేది. మోచేతుల దాకా ఇప్పగింజల నూనె రాసుకునేది. ఆ నూనెకి ఒక చేదు వాసన ఉంటుంది, కొందరికి పడదు. నాకు మాత్రం అమ్మంటే ఆ వాసనే. వాయిలాకులు ఎప్పుడూ దండెం మీద ఎండుతూ ఉండేవి, బాలింత స్నానానికి. వాము, వెల్లుల్లి, పాత బెల్లం ఒక కుండలో. నాయనమ్మ పొద్దంతా వసారాలో కూర్చుని చుట్ట తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అలా పెట్టుకునే మాట్లాడేది కూడా. వేసవిలో అమ్మా, నాయనమ్మా, నేనూ మొర్రిపండ్ల గింజల్ని విసుర్రాయిలో మెల్లగా తిప్పి, పెంకు పగలగొట్టి, లోపలి సారపప్పు ఏరేవాళ్లం. చెయ్యి గట్టిగా తిరిగితే పప్పు నలిగిపోతుంది. బుట్టెడు గింజలు పగలగొడితే దోసెడు పప్పు. ఆ దోసెడు పప్పుకి అంగట్లో దోసెడు ఉప్పు ఇచ్చేవాడు బేపారి, పైగా నవ్వుతూ ఇచ్చేవాడు. ఆ మోసం మాకు అలవాటైపోయి మోసంలా కనిపించేది కాదు.

ప్రపంచ యుద్ధం వల్ల ఆ ఏళ్లలో బట్ట దొరకడం లేదు. అంగడికి బట్టల మూట వచ్చిందంటే పెద్దమనుషుల ఇళ్లకే సరిపోయేది. మా పల్లెల్లో ఆడవాళ్లు చీర తడిపితే అది ఆరేదాకా తలుపు వేసుకుని లోపల కూర్చునేవాళ్లు. అమ్మ చీరకి ఎన్ని అతుకులో! కాన్పుకి పోయినప్పుడు రక్తం అంటితే వాగులోనే పిండుకుని, తడిచీరతోనే నడిచి వచ్చేది. వెంకటాచలం సరిగ్గా అప్పుడు వచ్చాడు.

గోదావరి వైపు నుంచి పడవ మీద వచ్చాడు. తెల్లటి లాల్చీ, చేతికి గడియారం, తమలపాకులతో పండిన నోరు. నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఊళ్లో పటేల్ ఉన్నాడు, పూజారి ఉన్నాడు, వాళ్లెవరి దగ్గరికీ పోలేదు. మంత్రసాని ఇల్లు ఏదని రేవులో అడిగాడట. వస్తూనే నాయనమ్మకి దండం పెట్టి "పిన్నిగారూ" అన్నాడు. అమ్మని "చెల్లెమ్మా" అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి "మా మేనకోడలు చదువుకుంటుందా?" అన్నాడు. మా ఇంట్లో కూర్చున్న కాసేపట్లోనే అందరికీ బంధువైపోయాడు. తను పెట్టిన ఆ ఏర్పాటుకి కూడా చుట్టరికమనే పేరు పెట్టాడు.

కుంచెడు సారపప్పు ఇచ్చినవాళ్లకి ఒక రేకు బిళ్ళ ఇస్తాడు. బిళ్ళ తీసుకున్న మనిషి తల్లి. ఆమె మరో నలుగురి చేత కుంచెడేసి పప్పు ఇప్పించాలి, ఆ నలుగురూ ఆమె పిల్లలు. ఆ పిల్లలు ఒక్కొక్కరూ మళ్లీ నలుగురిని తెస్తే, తల్లికి కొత్త చీర, తట్టెడు ఉప్పు. తర్వాత పిల్లలు తల్లులవుతారు, వాళ్లకీ చీరలు. అమ్మ వింటూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆమె అలా తీయడం అరుదు.

"అయితే బాబూ, ఆఖరున చేరినోళ్లకి పిల్లలు యాడికెల్లి వస్తరు?"

వెంకటాచలం పెద్దగా నవ్వాడు. "ఆఖరివాళ్లంటూ ఉండరు పిన్నిగారూ. మనుషులకేమన్నా కరువా? రోజూ పుడుతూనే ఉన్నారు కదా, మా చెల్లెమ్మ చేతుల మీదుగా!"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. ఆమె బతుకంతా చేసిన పనిని ఎత్తి చూపి, దానితోనే ఆమెకి ఉచ్చు పేనాడు.

అమ్మకి చీర వచ్చింది. మొదట చేరినవాళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా వచ్చింది. ఆకుపచ్చ నేత, ఎర్రంచు. ఇప్పుడు ఆలోచిస్తే, మా పప్పుతోనే మాకు చీర కొనిచ్చి, మిగతా పప్పు పడవలో వేసుకున్నాడు. అప్పుడు మాత్రం ఊరంతా వచ్చి ఆ చీరని ముట్టుకుని చూశారు. "కాన్పుకి పోయినా ఈ చీరే కట్టుకుని పో చెల్లెమ్మా, పాతది మార్చేయి" అన్నాడు వెంకటాచలం. అమ్మకి అది ప్రేమగా అనిపించింది. అలా ఆ చీర ఇంటింటికీ నడిచింది. బిడ్డకి బొడ్డు కోసి, బాలింతకి స్నానం చేయించి, కారం ముద్ద పెట్టి, ఇక లేవబోతూ అమ్మ ఆ ఇంటి ఆడవాళ్లతో చుట్టరికం సంగతి చెప్పేది. ఆమె అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. తనకి వచ్చింది చూపించింది. వాళ్లకీ రావాలనుకుంది. పొరుగింటామె చీర ఆరేదాకా చీకటి గదిలో కూర్చోవడం ఆమెకి నిజంగానే బాధ.

అలా చేరినవాళ్లలో జోగమ్మ ఒకతె. వాగు అవతలి గూడెంలో ఉండేది. ఆమె కొడుకు పెళ్లాం ముత్తి నాకు స్నేహితురాలు. నాకంటే కొంచెం పెద్దది. పెళ్లికి ముందు మా ఊళ్లోనే ఉండేది, ఇద్దరం కలిసే మొర్రిపండ్లకి పోయేవాళ్లం. చెట్టెక్కి కొమ్మ ఊపేది ముత్తి, కింద ఏరేది నేను. జోగమ్మ ఏడాది పప్పంతా ఇచ్చేసింది. తన అక్కచెల్లెళ్లని, వియ్యపురాలిని, భేజ్జి దగ్గరున్న పుట్టింటివాళ్లని కూడా చేర్చింది. వాళ్లకి ఆమె తల్లి. ఆమెకి మా అమ్మ తల్లి.

వానలకి ముందొచ్చే వెన్నెల పండగ నాటికి చీరల పడవతో వస్తానని చెప్పి వెంకటాచలం రేవు దాటాడు. పడవ అంచుదాకా బుట్టలే. అమ్మ బొట్టు పెట్టి పంపింది. పండగ వచ్చింది, పోయింది. వానలు పడ్డాయి. శబరి పొంగి తగ్గింది. అతను రాలేదు.

ముందు మెల్లగానే అడిగారు. "నర్సక్కా, మీ అన్న రాలేదేంది?" అని. 'మీ అన్న'! అతను కల్పించిన చుట్టరికం మాత్రం అతను పోయినా పోలేదు, అమ్మ మెడకి అలాగే చుట్టుకుని ఉంది. తర్వాత వాకిట్లోకి వచ్చి అడిగారు. తర్వాత అడగడం మానేశారు. అది ఇంకా ఘోరం. బాపు కచేరీకి పోయి మొర పెట్టుకున్నాడు. అక్కడి గుమాస్తా అంతా విని, "చీర కట్టుకున్నది నీ పెళ్లామే గదా, ఇంకెవడి మీద రాసేది?" అన్నాడట. బాపు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, అన్నం తినకుండా పొలానికి పోయాడు. అమ్మ మాత్రం ఆ చీరే కట్టుకోవాల్సి వచ్చింది. పాతది ఎప్పుడో చింపి పసిపిల్లలకి పొత్తిగుడ్డలు చేసింది. ఇంట్లో ఇంకో గుడ్డ లేదు. నీళ్లకి పోయినా, అంగడికి పోయినా, అందరూ తిట్టుకునే ఆ ఎర్రంచు కట్టుకునే పోవాలి. వెంకటాచలాన్ని నేను దేనికైనా క్షమిస్తానేమో గానీ దీనికి క్షమించను.

ఆ చలికాలంలో ముత్తికి నొప్పులు వచ్చాయని పొద్దునే కబురు తెలిసింది. కబురు మాకు పంపలేదు. కట్టెలకి పోయిన ఎవరో వాగు దగ్గర చెప్పుకుంటుంటే నేను విని ఇంటికి పరిగెత్తాను. అమ్మ చేతులు కడుక్కుని, నూనె గిన్నె పట్టుకుని బయల్దేరింది. పిలవని ఇంటికి పోవద్దని నాయనమ్మ అడ్డం వచ్చింది. "తొలిసూరు అత్తా, అది చిన్నది" అంది అమ్మ. నేను వెనక పోయాను.

జోగమ్మ దడి తలుపు దగ్గరే ఆపింది. ఆమె కళ్లలో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. పుట్టింటివాళ్లు ఆమెతో మాటలు మానేశారని మాకు తర్వాత తెలిసింది.

"ఎందుకొచ్చినవ్?"

"పిల్లని చూడనీయి జోగక్కా. నొప్పులు ఎప్పటి సంది వస్తున్నయి?"

"ఈసారి ఎంతమందిని తెమ్మంటవ్? పుట్టేటోడిని గూడ మీ అన్న కింద రాస్తవా?"

అమ్మ దడి పక్కన నేల మీద కూర్చుంది. లోపల ముత్తి అరుస్తోంది. మధ్యలో ఒకసారి "నర్సత్తా" అని అమ్మని పేరు పెట్టి పిలిచింది. అమ్మ దడి సందులోంచి లోపలున్న ముసలామెకి చెప్తూనే ఉంది. పిల్లని ఎడం పక్కకి తిప్పు, నడుం కింద గుడ్డ పెట్టు, ఇప్పుడే ముక్కనీయకు, నీళ్లు తాగించు. ఎండ నడినెత్తికి వచ్చింది, వాలింది. నేను అమ్మ చేతుల్నే చూస్తున్నాను. ఒళ్లో పడున్న ఆ చేతుల వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి, లోపలి బిడ్డని తడిమి చూస్తున్నట్టు.

పొద్దు వాలుతుండగా ముత్తి మొగుడు గొడ్డలితో దడి కట్లు నరికేశాడు. తల్లి వైపు చూడకుండా, "అత్తా, రా" అన్నాడు. అమ్మ లోపలికి పరిగెత్తింది. ముత్తి బతికింది. బిడ్డ బతకలేదు. కాళ్లు ముందుకొచ్చిన బిడ్డ. అలాంటి బిడ్డల్ని అమ్మ ఎందరినో తిప్పి బయటికి తీసింది, నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. పొద్దున రానిచ్చి ఉంటే బతికేవాడే. తిరిగి వస్తూ అమ్మ వాగులో చేతులు కడుక్కుంది. కడుగుతూనే ఉంది. నేను చెయ్యి పట్టి లాగితే గానీ లేవలేదు.

ఆ తర్వాత అమ్మని ఎవరూ పిలవలేదు. వాయిలాకులు దండెం మీదే ఎండి రాలిపోయాయి. పొద్దునే చేతులు తోముకోవడం కూడా మానేసింది. మా ఇంట్లో ఇప్పనూనె వాసన పోయింది. పప్పు ఇచ్చినవాళ్లకి మళ్లీ ఏడాది పప్పు వచ్చింది, అడవి ఇస్తుంది కదా. మా అమ్మకి మాత్రం గడపలు మూసుకుపోయాయి.

నన్ను ఇంకా మండించేది వేరే ఉంది. వెంకటాచలాన్ని ఎవరూ తిట్టలేదు! అతని పడవ మునిగిపోయి ఉంటుందని ఎవరో అంటే అందరూ అదే నమ్మారు. పాపం, మంచి మనిషి, ఎంత మర్యాదగా మాట్లాడేవాడు అని అంగట్లో జాలిపడ్డారు. దూరాన ఉన్నవాడు పుణ్యాత్ముడయ్యాడు, వాకిట్లో ఉన్నది దొంగయింది. అతనికి ఇదంతా ముందే తెలుసని నా నమ్మకం. తను పోయాక తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి. ఊరు నమ్మిన మనిషైతేనే ఆ పనికి వస్తుంది. అందుకే రేవులో దిగగానే పటేల్ ఇల్లు అడగలేదు.

మావి తెలియని రోజులు. బడి లేదు, బాట లేదు, కాగితం చదివేవాళ్లు లేరు. ఇప్పుడు జీపులున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి, భాగ్య పన్నెండో తరగతి పాసైంది. పటం గీసి రంగు దీపాల కింద చూపిస్తున్నారట తోంగ్‌పాల్‌లో, ఎవరి కింద ఎవరో. ఇంత చదువు వచ్చాక కూడా ఆ సార్‌ని 'ఆఖరున చేరినవాళ్ల సంగతేమిటి' అని మా నాయనమ్మలా అడిగినవాళ్లు ఆ మీటింగ్‌లో ఒక్కరూ లేరట. అడిగితే పక్కవాళ్లు చప్పట్లు కొట్టి నోరు మూయించేవాళ్లేమో. మా కాలంలో దీన్ని చుట్టరికం అన్నారు, ఇప్పుడు బిజినెస్ అంటున్నారు. దండలు వేసి మరీ ఎంచుకుంటున్నారు, బాలింతలు నమ్మే పిల్లల్ని. రేపు ఆ డబ్బాలు మూలన పడ్డాక, జ్వరమొచ్చిన పసివాడి ఇంట్లో భాగ్యకి తలుపు తీయకపోతే ఆ సార్ రాయ్‌పూర్ నుంచి వచ్చి తీయిస్తాడా?

నాలుగు రోజులాగి భాగ్యకి కబురు పెట్టి పిలిపించాను. భయపడుతూనే వచ్చింది. మంచం పట్టె మీద కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. తన కింద అప్పుడే ముగ్గురు చేరారట. ముగ్గురూ తను కాన్పుకి తీసుకుపోయినవాళ్లే. వాళ్లకి ఏం చెప్పాలో తెలియక కొంగు మెలిపెడుతూ కూర్చుంది. వాళ్లకి చెప్పడం తప్పదే అన్నాను. తలూపింది. చెప్తుందో లేదో నాకు తెలియదు. లేచేముందు ఒక్కటే అడిగింది.

"అమ్మమ్మా, ఆ ముత్తి ఏమైంది?"

ముత్తి మా ఇంటికి వచ్చింది. రాజ్యం పోయిందట, అంతా ఒకటే దేశమైందట అని అంగట్లో చెప్పుకుంటున్న రోజుల్లో, నిండు కడుపుతో, ఒక్కతే వాగు దాటి నడిచి వచ్చి మా వసారాలో కూర్చుంది. "నేను ఈడనే కంట. ఎవ్వరొస్తరో రానీ" అంది. అమ్మ వెనక్కి తగ్గింది. తన చేతులు మంచివి కావని, ఇంకెవరినన్నా పిలుచుకోమని, ఏదేదో అంది. నాయనమ్మ చుట్ట విసిరేసి లేచింది. "పిల్ల నీ గడపల కూసుండె, నువ్వు చేతుల సంగతి చెప్తున్నవా? నీళ్లు పెట్టు!" అని అరిచింది. అమ్మ నీళ్లు పెట్టింది. బూడిదతో, కుంకుడుతో తోముకుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. గుండ్రంగా, నల్లగా, గొంతు చించుకుని ఏడుస్తూ.

జోగమ్మ సాయంత్రం ఎండ ఉండగానే వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. అమ్మ పిల్లని గుడ్డలో చుట్టి బయటికి తీసుకొచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. జోగమ్మ చాలాసేపు పిల్ల మొహమే చూసింది. తర్వాత తలెత్తకుండా, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అన్నట్టు, "మీ అన్న ఆచూకి ఏమన్న తెలిసిందా నర్సక్కా? మునిగిపోయిండో ఏమో పాపం" అంది.

అమ్మ గొంతు పెంచి మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"వాడు నాకు అన్న కాదు. వాడు మునగలే, చావలే. యాడనో సల్లగున్నడు. వాడు దొంగ, జోగక్కా. నిన్ను దోచిండు, నన్ను దోచిండు. నేను దొంగను కాను. ఇన్నవా? నేను దొంగను కాను." ఊరు వినేట్టు అరిచింది. ఇళ్లలోంచి మనుషులు బయటికి వచ్చారు. అమ్మ ఎవరినీ చూడలేదు. ఊపిరి తీసుకుని, మామూలు గొంతుతో, "పిల్ల కండ్లల్ల ఎండ పడుతున్నది. లోపటికి తీస్కరా" అంది.

జోగమ్మ కొంగు తీసి పిల్ల మొహానికి అడ్డం పెట్టి, తల వంచుకుని, మా ఇంట్లోకి వచ్చింది.